బుజ్జీ, నీ టైమ్ టేబుల్ చూశాను

ఒరే బుజ్జీ,

ఆంధ్రా యూనివర్సిటీ గ్రౌండ్‌లో పిల్లలకి పరుగు కోచింగ్ మొదలెడుతున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. ఎంత సంతోషమేసిందంటే పక్కింటావిడకి కూడా చెప్పేశాను, తర్వాత నువ్వు వాట్సాప్‌లో పెట్టిన టైమ్ టేబుల్ చూశాను, ఇంక రాత్రంతా నిద్ర లేదు. వారానికి ఆరు రోజులు, పొద్దున గంటన్నర, సాయంత్రం గంటన్నర, ఆదివారం బీచ్ రన్. వాళ్ళు పిల్లల్రా, పోర్టులో కలాసీలు కాదు. వయసెంతో వారానికి ప్రాక్టీసు గంటలు అంతకి మించకూడదని స్పోర్ట్స్ డాక్టర్లు చెప్పే లెక్క, అంటే పన్నెండేళ్ళ వాడికి 12. నీది బీచ్ రన్ కలపకుండానే 18 అయింది.

వామప్, నీళ్ళు, మే నెలలో ఎండెక్కాక వద్దు, ఇవన్నీ నీకు తెలిసినవే. నా భయం వేరే.

నువ్వు లాగూల్లో ఉన్నప్పటి మాట. నేను పరుగు నేర్పిన పెద జాలరిపేట పిల్ల, పదమూడేళ్ళు, చెప్పుల్లేకుండా ఇసకలో పరిగెడితే మడమ గుర్తు పడేది కాదు, వేళ్ళ గుర్తులే. మామూలు పిల్లలు మూడో రౌండ్‌కే మొహం వేలాడేస్తారు, మనమే ఆపేస్తాం. దీనికా బ్రేకు లేదు. నాలుగొందల మీటర్లు ఆరుసార్లు కొట్టమంటే ఎనిమిదిసార్లు కొట్టి "ఇంకోటి కొట్టనా టీచర్" అనేది. జిల్లా మీట్‌లో 800 మీటర్లు గెలిచింది, స్టేట్‌కి ఆరు వారాలుంది, నేను ప్రాక్టీసు డబుల్ చేశాను. మోకాలి కింద ముందెముక నొప్పంటే బామ్ రాసి గుడ్డ కట్టి పరిగెట్టించాను. మూడు నెలలుగా బయట చేరలేదని ఒకరోజు చెవిలో చెప్పింది, నేనేమన్నానో తెలుసా, "మంచిదేలే, మీట్ రోజు బాధుండదు" అన్నాను. ఆడదాన్నయ్యుండి! పొద్దున్న టీ తాగి వచ్చేది, సాయంత్రం దాకా ఏం తినేదో ఒక్కసారైనా అడగలేదు. తిండి చాలకుండా పరుగు ఎక్కువైతే నెలసరి ఆగిపోతాది, ఆ వెనకే ఎముక బలం పోతాది, ఇది నాకు డాక్టరు చెప్పేదాకా తెలీదు. ఆయన బొటనవేలితో ఒక్కచోట నొక్కితే పిల్ల బల్ల మీంచి ఎగిరిపడింది. ఎక్స్‌రేలో వెంట్రుకంత గీత.

తగ్గాక వస్తాదని చూశాను, రాలేదు. గంప ఎత్తుకుని వాళ్ళమ్మతో తిరగడం మొదలెట్టింది. ఇంటికెళ్తే ఆవిడ నన్ను ఒక్క మాట అనలేదు, పైగా రెండు వంజరం ముక్కలు పొట్లం కట్టి ఇచ్చింది. నాకు ముద్ద దిగలేదురా. మీ మావయ్య తిన్నాడు.

అందుకే చెప్తున్నాను, కాలు నొప్పన్న పిల్లని నువ్వూ అలా నొక్కి చూడు. పిక్కంతా లాగుతుంటే రెండ్రోజులు ఆపి చూడొచ్చు, ఎముక మీద ఒక్కచోటే పొడిచినట్టున్నా, రాత్రి పడుకున్నా సలిపినా ఆ పూటే పరుగు బంద్, డాక్టరు దగ్గరికి. గబగబా పొడుగెదిగే మగపిల్లల మోకాలి చిప్ప కింద బుడిపె లేస్తాది, దాన్ని బద్ధకం అనుకుని తిట్టకు. లేవగానే నాడి లెక్కపెట్టుకోమను, రోజూ కంటే బాగా ఎక్కువుంటే ఆ రోజు తేలిగ్గా వదిలెయ్. లాంగ్‌జంప్ బాగా వేస్తాడని చెప్పావే, ఆ కుర్రాణ్ని కబడ్డీ మానిపించకు, నాలుగు రకాలుగా గెంతితేనే ఒళ్ళు గట్టిపడతాది.

తల్లిదండ్రులు మా పిల్లని ఇంకో జ్యోతి యర్రాజీని చెయ్యండంటారు. సరే, మన వైజాగ్ పిల్లే. కానీ 2023లో బ్యాంకాక్‌లో 100 మీటర్ల హర్డిల్స్ ఆసియా గోల్డ్ కొట్టేసరికి ఆ అమ్మాయికి ఇరవై మూడేళ్ళు, పదమూడు కాదు. అదే చెప్పు వాళ్ళకి.

ఇంకోటి, నువ్వు మగాడివి, ఆడపిల్లలు నీకు ఆ విషయాలు చెప్పరు. నేనొస్తాను, నా మోకాళ్ళు అరిగినా నోరు బానే పనిచేస్తోంది. ఆదివారం కొట్టేసి, సాయంత్రాలు వారానికి రెండే ఉంచి కొత్త టైమ్ టేబుల్ పెట్టు. గురువారం పొద్దున్న ఫస్ట్ బస్సుకి బయల్దేరతాను. ఎంతమంది పిల్లలో చెప్పు, గుడ్లు ఉడకబెట్టి తెస్తాను.

మీ అత్త