‘నా ఉద్దేశంలో’ అని మొదలుపెట్టిన విద్యార్థికి

చిరంజీవికి ఆశీస్సులు.

మీ విద్యార్థి పత్రిక కోసం రాసి నాకు పంపిన అభిప్రాయ వ్యాసాన్ని రెండుసార్లు చదివాను. మొదటిసారి కలిగిన చిరాకు రెండోసారి కూడా తగ్గకపోవడం వల్లనే ఈ జవాబు ఇంత త్వరగా వస్తోంది. వచనం బాగుంది, ఆ మాట నీకు ఇదివరకే ఎవరో చెప్పి ఉంటారు.

మూడో పేరాలో ‘నా ఉద్దేశంలో విద్యార్థి సంఘం కార్యదర్శి వార్షికోత్సవ నిధులను స్వాహా చేశాడు’ అని రాశావు. స్వాహా చేయడమన్నది జరిగిందో లేదో తేలవలసిన సంగతి. దానికి ముందు ఉద్దేశమన్న మాట తగిలిస్తే అది అభిప్రాయమైపోదు. అమెరికాలో మిల్కోవిచ్ అనే ఉన్నత పాఠశాల కుస్తీ శిక్షకుడు కోర్టులో ప్రమాణం చేసి మరీ అబద్ధమాడాడని ధ్వనించేలా ఒక క్రీడా విలేఖరి కాలమ్ రాస్తే, ఆ మిల్కోవిచ్ కేసులో అక్కడి సుప్రీంకోర్టు 1990లో ఇదే తేల్చింది: నిజమో అబద్ధమో నిరూపించదగిన ఆరోపణ అందులో ఇమిడి ఉన్నప్పుడు, అభిప్రాయమన్న పేరు దానికి రక్షణ కాదు. కోర్టుల పేరు చెప్పి నిన్ను భయపెట్టాలని కాదు, ఆ తర్కం పాఠకుడిది కూడా.

నీ వ్యాసంలో నమ్మదగిన వాక్యం ఒక్కటుంది: ‘ఉత్సవం ముగిసి మూడు నెలలైనా జమాఖర్చులు నోటీసు బోర్డుకు ఎక్కలేదు.’ దాన్ని చివరి పేరాలో, రెండు ఆక్రోశాల మధ్య ఇరికించావు. వ్యాసం అక్కడ మొదలుకావలసింది. లెక్కలు ఎన్నాళ్ళలో చూపాలని సంఘం నియమావళి చెబుతోంది? కోశాధికారిని ఏ రోజున అడిగావు, అతడేమన్నాడు? ‘జవాబివ్వలేదు’ అని రాయాలన్నా ముందు అడిగి ఉండాలి కదా. అడగకపోగా ‘అందరికీ తెలిసిందే’ అన్నావు. నా దృష్టిలో ఆ మాట వాడిన చోటల్లా రచయిత ఒక మనిషిని కలవడం ఎగ్గొట్టాడన్నమాట. ఇది నా చాదస్తమే అనుకో, దీన్ని వదులుకునే వయసు దాటిపోయింది.

ఈ చాదస్తం ఊరికే పట్టలేదు. చదువుకునే రోజుల్లో, సిబ్బంది సోమరితనం వల్లే పఠనశాల సాయంత్రం కాగానే మూతపడుతోందని ఘాటుగా ఒక వ్యాసం రాశాను. విద్యుత్ మరమ్మతుల నోటీసు ఆ తలుపు మీదే అంటించి ఉంది; నేను తలుపు దాకా వెళ్ళలేదు, మిత్రుడొకడు చెబితే రాసేశాను. సవరణ వేయమని బతిమాలితే మా సంపాదకుడు ‘అభిప్రాయానికి సవరణేమిటి?’ అని నవ్వేశాడు. ఆ ఏడాదంతా పుస్తకం తీసుకోవడానికి వెళ్ళినప్పుడల్లా ఆ పఠనశాల గుమాస్తా ముఖంలోకి చూడలేక తల దించుకునేవాణ్ణి. తరువాత తగిలిన సంపాదకులూ తక్కువవాళ్ళు కారు: స్థలం చాలనప్పుడు ఆధారాలకు కత్తెర వేసి విశేషణాలను పదిలంగా ఉంచేవారు, పైగా నేను అనని మాటను శీర్షికగా పెట్టేవారు.

ఇక నన్ను అన్నిటికన్నా కలవరపెట్టింది వ్యాసంలో లేదు, దానికి జతచేసిన ఉత్తరంలో ఉంది. కిందటి ఎన్నికల్లో ఇదే కార్యదర్శి చేతిలో ఓడిపోయానని మాటవరసకు రాశావు. వ్యాసంలో ఆ ఊసే లేదు. విద్యార్థి పత్రికలో రాసేవాడూ, విమర్శకు గురయ్యేవాడూ, చదివేవాడూ ఒకే తరగతి గదిలో కూర్చుంటారు కాబట్టి నువ్వు దాచినది సగం మందికి ముందే తెలుసు, తక్కిన సగానికి మధ్యాహ్నంలోగా తెలుస్తుంది. ఓడినవాడు రాయకూడదని ఎవరూ అనరు. ఆ సంగతి మొదటి పేరాలోనే చెప్పుకొని రాయాలి. ఎదుటివాడి పేరు అచ్చువేసి నీకు మాత్రం మారుపేరు కావాలనడం మరీ విడ్డూరం.

పెద్ద పత్రికల చిరునామాలు అడిగావు, అవి అలా ఉండనీ. ముందు కోశాధికారిని కలిసి, అతడన్నది అతడి మాటల్లోనే రాసుకొని, వ్యాసం తిరగరాసి పంపు. ఈసారి లెక్కలు ఎక్కడున్నాయో మొదటి వాక్యంలోనే కనబడాలి.

ఆశీస్సులతో,
నీ శ్రేయోభిలాషి