ఆయకట్టు పెంచకు

చిరంజీవికి ఆశీస్సులు.

నువ్వు పంపిన చెరువుల పాడ్‌కాస్ట్ మొదటి భాగం, దానితోపాటు కార్యక్రమ పథకం అందాయి. భాగాన్ని రెండుసార్లు విన్నాను. పథకంలో మాత్రం ఒకచోట ఆగిపోయాను. "చెరువుల మీద మాత్రమే అంటే శ్రోతలు రారేమో. స్పాన్సర్లు దొరక్కపోతే ఆరోగ్యం, సినిమా ముచ్చట్లు కూడా చేరుస్తాను" అని రాశావు. అది చదివి కోపం వచ్చి కలం పట్టాను.

నీ మొదటి భాగం పోరుమామిళ్ల చెరువు గురించే కదా. 1369 నాటి అక్కడి శాసనంలో మంచి చెరువుకు ఉండవలసిన పన్నెండు అంగాలనూ చక్కగా వినిపించావు. అదే శాసనంలోని ఆరు దోషాలను ఎందుకు వదిలేశావు? అందులో ఒకటి, నీరు తక్కువై సాగు నేల, అంటే ఆయకట్టు, ఎక్కువ కావడం. ఉద్యోగం పోగా వారానికి రెండు సాయంత్రాలు, ఒక రికార్డరు. ఇవీ నీకున్న నీళ్లు. వీటితో చెరువులు, సినిమా, మధుమేహం అన్నీ తడుపుతానంటే చివరి మడి దాకా ఎందుకు, మొదటి మడి కూడా పండదు.

విషయం ఇరుకైతే డబ్బు రాదని చెప్పేవాళ్లు ప్రకటనల లెక్కలోనే ఆలోచిస్తారు. ప్రకటనదారు వెయ్యి మంది వింటే ఇంత అని ధర కడతాడు. మూడు వందల మంది వినే కార్యక్రమానికి ఆ లెక్కన టీ ఖర్చులు కూడా రావు. ఆ మూడు వందల్లో వంద మంది నెలకు యాభై పంపారనుకో, ఐదు వేలు. బస్సు చార్జీలకు, బ్యాటరీలకు, ఒక పూట భోజనానికి ఢోకా లేదు. ఎవరా వంద మంది అంటావా? రిటైరైన నీటిపారుదల ఇంజనీర్లు, చరిత్ర అధ్యాపకులు, చెరువు కింద రెండెకరాలు వదిలి బెంగళూరులో ఉద్యోగం చేసుకుంటున్నవాళ్లు. సినిమా ముచ్చట్లకు వాళ్లు నీ దగ్గరికి రానక్కర్లేదు.

వినేవాడు డబ్బు కట్టడన్నది ఈమధ్య పుట్టిన నమ్మకం. మా నాన్నగారు ఏటా తపాలా కార్యాలయానికి వెళ్లి ఇంట్లో రేడియో ఉన్నందుకు లైసెన్సు రుసుం కట్టి వచ్చేవారు. ఎగ్గొట్టినవాళ్లూ ఉన్నారనుకో. జహీరాబాద్ దగ్గర మాచనూరులో 2008లో మొదలైన సంఘం రేడియోను చూడు. దళిత మహిళా రైతులు తమ పంటలు, విత్తనాలు, పాటల గురించి తమ యాసలోనే మాట్లాడారు. ప్రసారం చుట్టుపక్కల పల్లెల వరకే. అయినా దాని పేరు ఎంత దూరం వెళ్లిందో నీకు తెలుసు. వాళ్లకు దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే స్వచ్ఛంద సంస్థ అండ ఉంది, నీకు లేదు, నిజమే. అందుకే శ్రోతలను అడగమంటున్నాను.

ఐదు భాగాలు సిద్ధమయ్యేదాకా మొదటిది విడుదల చెయ్యకు. డబ్బు అడిగేటప్పుడు నసగకుండా ఏ చెరువుకు వెళ్తున్నావో, ఎంత ఖర్చవుతుందో చెప్పి అడుగు. తరువాతి భాగంలో లెక్క అప్పజెప్పు. బోరుబావుల కంపెనీ డబ్బిస్తానంటే దణ్ణం పెట్టి వచ్చెయ్యి. ఆర్‌ఎస్‌ఎస్ ఫీడు, అంటే నీ భాగాలను శ్రోతల యాప్‌లకు చేరవేసే లింకు, నీ అధీనంలోనే ఉండాలి. 2024లో గూగుల్ పాడ్‌కాస్ట్స్ అనే యాప్ మూతపడింది. రేపు ఇంకొకటి మూతపడుతుంది.

ఇక నీ భాగంలో పెట్టిన ఆ కీబోర్డు సంగీతం. మోట బావి మీద నేను రాసిన రేడియో రూపకానికి గిలక చప్పుడు రికార్డు చేసి పట్టుకెళ్తే, ఒక స్టేషన్ అధికారి దాన్ని రొద అని కోయించి వేణువు పెట్టించాడు. ఇప్పటికీ వేణువు వింటే నాకు ఆయన మొహమే కనిపిస్తుంది. నువ్వు ఏ అధికారీ చెప్పకుండానే అదే పని చేశావు. అరగంటలో నీటి చప్పుడు ఒక్కటి లేదు! తూము దగ్గరి పెద్దాయన "నీళ్లు వదిలిన రాత్రి నిద్ర పట్టదమ్మా" అన్నప్పుడు నాకు గొంతు పట్టేసింది. ఆ వెంటనే సంగీతం పెంచి ఆయన్ను ముంచేశావు. వీడియో తీసి నిమిషం ముక్కలుగా కోయాలా అని అడగనే అడిగావు. దానికి నా దగ్గర జవాబు లేదు, ఉన్నా మర్యాదగా ఉండదు.

రెండో భాగానికి రామప్ప చెరువు అనుకుంటున్నావు కదా. మంచి వానలు పడ్డాక, చెరువు నిండి మత్తడి దుంకేటప్పుడు వెళ్లు. రికార్డరు పెట్టి కాసేపు నోరు మూసుకుని కూర్చో. ముందు ఆ ముక్క పంపు, కింద ఏ సంగీతమూ వెయ్యకుండా. యూపీఐ వివరాలు కూడా రాయి, ఈ నెల యాభై నేను పంపుతాను.