వేడి చేతులతో కొలవకు

కావలి

చిరంజీవి అమ్మాయికి మామయ్య ఆశీస్సులు.

నువ్వు సొంతంగా సింథసైజర్ తయారు చేస్తున్నావని నిన్న మీ అమ్మ ఫోనులో చెప్పింది. సంతోషంతోనూ భయంతోనూ రాత్రి సరిగా నిద్ర పట్టలేదు.

శ్రుతి నిలవాలంటే ఒకేలా నడిచే రెండు ట్రాన్సిస్టర్ల జత కావాలి. అలా జత కుదిర్చిన రెండూ ఒకే చిప్పులో ఉండే ఎల్‌ఎమ్‌394 ఎవరో చౌకగా ఇస్తామంటే డబ్బు కట్టబోతున్నావట. కట్టకు. దాని తయారీ ఆగిపోయింది. చౌకగా దొరికేదాని మీద పేరు మాత్రమే అసలుది కావచ్చు. మీ అమ్మను అడగకుండా అంత సొమ్ము తీయడం నాకు నచ్చలేదు. చెన్నై రిచీ స్ట్రీట్‌కు వెళ్లి బీసీ547 అనే మామూలు ట్రాన్సిస్టర్లు వంద కొను. విడివి వద్దు, ఒకే టేపు మీదివి అడుగు. ఒకే వాయిలో వేగిన గారెల్లా అవి ఒకదానికొకటి దగ్గరగా ఉంటాయి. నీ కళ్లకు ఓపిక ఉంటే బీసీఎమ్‌847 కూడా మంచిదే, జత కుదిర్చిన రెండూ ఒకే చిన్న పెట్టెలో వస్తాయి.

ఇప్పుడు నా తప్పు విను. ఒక భజన బృందం కోసం కీబోర్డు వాద్యం చేశాను. రోహిణి కార్తెలో, పొద్దున వరండాలో కూర్చుని ఒక్కొక్క ట్రాన్సిస్టర్‌నూ వేళ్లతో పట్టుకుని కొలిచి కాగితం మీద రాసుకున్నాను. పని ముగిసేసరికి మిట్టమధ్యాహ్నం. ట్రాన్సిస్టర్ కాళ్లు మూడింటిలో బేస్, ఎమిటర్ మధ్య వోల్టేజి వేడి పెరిగితే డిగ్రీకి సుమారు 2 మిల్లీవోల్టులు తగ్గుతుందని తెలిసీ, పొద్దుటి అంకెను మధ్యాహ్నపు అంకెతో జత కలిపాను. అంతటితో ఆగలేదు, ఆ రెండింటిలో ఒకదాన్ని ట్రాన్స్‌ఫార్మర్ పక్కన బిగించాను.

ఆ వోల్టేజి 18 మిల్లీవోల్టులు మారితే శ్రుతి ఒక స్థాయి మారుతుంది. అంటే రెండింటి మధ్య ఒక్క డిగ్రీ తేడా వస్తే ఒక స్వరస్థానం దాటి జరిగిపోతుంది. రెండో కీర్తనకే శ్రుతి తప్పింది. భజన బృందం పెద్దాయన నన్ను ఒక్క మాట అనలేదు. కళ్లు మూసుకుని కాసేపు ఆగి, హార్మోనియం దగ్గరకు జరుపుకున్నారు. ఆ నిశ్శబ్దం ఈ రోజుకూ నా చెవుల్లో ఉంది. నీకు అది రాకూడదు.

అందుకే రెండింటినీ పక్కపక్కన పెట్టి ఒకేసారి కొలువు. ఒక్కోదాని బేస్‌ను, మూడో కాలైన కలెక్టర్‌ను కలిపి, 12 వోల్టుల నుంచి ఒక్కోదానికి 1 శాతం లక్ష ఓముల రెసిస్టర్ ఇవ్వు, ఎమిటర్లు సప్లై మైనస్‌కు. మీటరును 200 మిల్లీవోల్టుల మీద పెట్టి రెండు కలెక్టర్ల మధ్య తేడా చూడు. ఒకదాన్ని కదపకుండా ఉంచి రెండోదాన్నే మారుస్తూ పో. ప్లాస్టిక్ చిమటాతో పెట్టు, రెండు నిమిషాలు ఆగి చదువు, ఫ్యాను ఆపు. తేడా అర మిల్లీవోల్టు లోపుంటే చాలు. ఆ జతను చదును వైపులు కలిపి, మధ్య వేడి పంచే పేస్టు రాసి, రాగి తీగతో గట్టిగా చుట్టు. ఆ మిగిలిన చిన్న తేడాను ట్రిమ్మర్, అంటే తిప్పి సర్దే చిన్న రెసిస్టర్, సర్దుతుంది. వేరువేరు వేడిలో ఉన్న రెండింటిని ఏదీ సర్దలేదు.

ఇంకొకటి. 230 వోల్టుల పెట్టె నువ్వు విప్పకు, నేను వచ్చాక ఆ పని చేస్తాను. నా పాత మీటరుకు కొత్త బ్యాటరీ వేశాను. ఆదివారం మీ అమ్మ చేతికి ఇచ్చి పంపుతున్నాను.

మామయ్య