పాత హోండా సిటీ వీటెక్‌కి ఏ ఇంజిన్ ఆయిల్ పోయాలి?

ప్రశ్న: 2002 మోడల్ సిటీ 1.5 వీటెక్ కొన్నాను. మాది కర్నూలు. మెకానిక్ 20డబ్ల్యు-50 పోద్దామంటున్నాడు, బెంగళూరులో ఉన్న ఫ్రెండేమో 5డబ్ల్యు-30 ఫుల్ సింథటిక్ తప్ప వేరేది వద్దంటున్నాడు. ఎవరి మాట వినాలి?

జవాబు:

ఇద్దరికీ ఓ దండం పెట్టి 10డబ్ల్యు-40 పోయించండి. నాదీ అదే కారు, ఉండేది అనంతపురంలో. ఏళ్లుగా అదే వాడుతున్నా.

"మనది ఎండల ఊరు, చిక్కటి ఆయిలే కావాలి" అనేది మన షెడ్లలో అందరూ చెప్పే మాటే. కానీ బయట 43 డిగ్రీలున్నా, 20 ఉన్నా, రేడియేటర్ బాగుంటే థర్మోస్టాట్ కూలెంట్ వేడిని దాదాపు ఒకేచోట నిలబెడుతుంది. సంక్రాంతికీ మే నెలకీ మీటర్లో ముల్లు కదలదు చూడండి. ఆయిల్‌ను ఎండకన్నా ఎక్కువగా వేడెక్కించేది యాక్సిలరేటర్ తొక్కే మన కాలే. గుత్తి నుంచి కొడికొండ చెక్‌పోస్ట్ దాకా హైవే మీద ఆపకుండా తొక్కితే తెలుస్తుంది. డబ్ల్యు తర్వాతి అంకె, అంటే వేడిలో ఆయిల్ చిక్కదనం, 30 కాకుండా 40 ఉండాలని నేననేది అందుకే. డబ్ల్యు ముందున్న అంకె చలికి సంబంధించింది. 10డబ్ల్యుని మైనస్ 25 దగ్గర, 20డబ్ల్యుని మైనస్ 15 దగ్గర పరీక్షిస్తారు. మనకు అంత చలి ఎక్కడిది? అయినా పొద్దున్నే స్టార్ట్ చేయగానే ఆయిల్ ఇంజిన్ పైభాగంలో వాల్వులను తెరిచే క్యామ్ దాకా త్వరగా ఎక్కాలంటే ఆ అంకె తక్కువుండడమే మేలు.

పైగా ఈ ఇంజిన్లో ఆయిల్ పని అరుగుదల ఆపడంతో అయిపోదు. ఆర్‌పీఎం పెరిగినప్పుడు సోలెనాయిడ్ (కరెంటుతో పనిచేసే వాల్వు) తెరుచుకుని, ఆయిల్ ప్రెషర్‌తోనే చిన్న పిన్నులు జరిగి రాకర్ ఆర్మ్‌లను, అంటే ఇంజిన్ వాల్వులను నొక్కే మీటలను, కలిపి లాక్ చేస్తాయి. వీటెక్ అంటే అదే. ఆ సోలెనాయిడ్ దగ్గర సన్నటి జాలీ ఉంటుంది. నల్లటి మడ్డి పట్టి అది మూసుకుపోతే ఎక్కువ ఆర్‌పీఎంలో రావాల్సిన ఊపు రాదు, బండి చప్పగా అయిపోతుంది. పాత ఓనర్ ఆయిల్ ఎప్పుడు మార్చాడో తెలియదు కాబట్టి, ముందు ఆ జాలీ విప్పించి చూడండి. గ్రేడ్ సంగతి ఆ తర్వాతే.

అలాగే ఆయిల్ ప్రెషర్ స్విచ్ తీయించి, ఆ చోట గేజ్ బిగించమనండి. ఇంజిన్ బాగా వేడెక్కాక ఆ తరం హోండా సింగిల్ క్యామ్ ఇంజిన్లకు ఐడిల్‌లో కనీసం 10 పీఎస్‌ఐ, 3000 ఆర్‌పీఎం దగ్గర 50 ఉండాలి. అంతుంటే 20డబ్ల్యు-50 అవసరమే లేదు. అంతకన్నా బాగా తక్కువుంటే బేరింగులో, పంపో అరిగినట్టు. అప్పుడు చిక్కటి ఆయిల్‌తో కొన్నాళ్లు నెట్టుకురావొచ్చు, అంతే. అది రిపేరు కాదు. మీ మెకానిక్ కొలిచి చెప్పాడా, అలవాటుగా అన్నాడా?

సింథటిక్ పోస్తే లీకులొస్తాయని కొందరు భయపెడతారు. ఇప్పటి సింథటిక్ సీళ్లను పాడుచేయదు. కాకపోతే ఎండిపోయిన ప్యాకింగ్ చుట్టూ పేరుకున్న మడ్డి కడుక్కుపోయి, ఎప్పటినుంచో ఉన్న లీకు బయటపడొచ్చు. హెడ్ కవర్ ప్యాకింగ్ చెమ్మగా ఉంటే మార్పించేసి నిశ్చింతగా పోయించండి. సెమీ సింథటిక్ అయినా నాకు అభ్యంతరం లేదు, డబ్బా మీద ఏపీఐ ఎస్ఎన్ గానీ ఎస్పీ గానీ అనే నాణ్యత గుర్తు ఉంటే చాలు. జాసో ఎంఏ అని ఉన్నది బైకులది, అది వద్దు.

బ్రాండ్ గురించి టెన్షన్ పడకండి, నకిలీ గురించి పడండి. డీలర్ దగ్గర బిల్లుతో కొనండి, సీలు మీ ఎదురుగానే తీయించండి, ఖాళీ డబ్బాకు స్క్రూడ్రైవర్‌తో చిల్లు పెట్టి పడేయండి. లేకపోతే అదే డబ్బా మళ్లీ నిండి షాపుకొస్తుంది.

పోసేటప్పుడు డబ్బా మొత్తం వంచేయనీయకండి. ఫిల్టర్‌తో పాటు మారుస్తుంటే మూడు లీటర్లు పోసి, కాసేపు నడిపి ఆపి, డిప్‌స్టిక్ చూస్తూ మిగతాది కొంచెం కొంచెంగా పోయించండి. బండి తిరగకపోయినా ఏడాదికోసారి మార్చాల్సిందే. ప్రెషర్ రీడింగ్ ఎంతొచ్చిందో చెప్పండి, తక్కువుంటే ఏం చేయాలో అప్పుడు చూద్దాం.