పాంక్రియాస్ స్కాన్ మీద థీసిస్ చేయబోతున్న మేనకోడలికి

బిడ్డా,

థీసిస్‌కి పాంక్రియాస్ ఎలాస్టోగ్రఫీ, అంటే క్లోమగ్రంథి ఎంత గట్టిగా ఉందో స్కాన్‌తోనే కొలవడం, తీసుకున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. ఎంత సంతోషమేసిందో! మా రోజుల్లో కడుపు తెరిచి వేళ్లతో నొక్కి చూస్తే తప్ప ఆ గ్రంథి మెత్తనో గట్టిదో తెలిసేది కాదు. మెత్తటి పాంక్రియాస్‌కి కుట్టు వేయడమంటే వెన్నలో దారం లాగడమే, దాని జీర్ణరసం లీక్ అయ్యేది ఎక్కువగా అక్కడే. అది నువ్వు ముందే చెప్పగలిగితే ఇంట్లోవాళ్లని సిద్ధం చేయొచ్చు, కడుపులోని ద్రవం బయటికి తీసే గొట్టం, అదే డ్రెయిన్, ఎన్నాళ్లు ఉంచాలో ఆలోచించుకోవచ్చు. కానీ వినగానే టెన్షన్ కూడా పట్టుకుంది, అందుకే రాస్తున్నా.

ఎథిక్స్ కమిటీ, కన్సెంట్ మీ గైడ్ చూసుకుంటారు. స్కాన్ పరగడుపున చెయ్యి. బస్సు దిగగానే పేషెంట్‌కి చాయ్, ఉస్మానియా బిస్కెట్ పెట్టి తీసుకొస్తారు, ఇక గ్యాస్ తప్ప ఏమీ కనపడదు. ముందురోజే నెమ్మదిగా చెప్పు, కసురుకోకు.

అసలు భయం వేరే. నేను పనిచేసిన ఒకచోట, పిత్తనాళం కింది భాగంలో గడ్డ ఉన్న ఒకాయనకి విప్పుల్ ఆపరేషన్ (పాంక్రియాస్ తలని, దాని చుట్టుపక్కల పేగు, పిత్తనాళం భాగాలతో సహా తీసేసేది) పెట్టారు. స్కాన్ చేసినతను తెరమీది కొలత బాక్సు పాంక్రియాస్ తలలో, గడ్డ పక్కనే పెట్టాడు. సహజంగానే గట్టిగా వచ్చింది. ఆ రిపోర్టు చదివి వెళ్లిన సర్జన్ వేలికి కూడా గట్టిగానే తగిలింది, నోట్స్‌లో అదే రాశాడు. నిజానికి ఆ తల కోసి తీసేసేదే కదా తల్లీ, కడుపులో మిగిలేది మెడకి ఎడమవైపు భాగం. అది మెత్తగా ఉంది, లోపల రసం పారే నాళం, అదే డక్ట్, వెడల్పు 3 మిల్లీమీటర్లు కూడా లేదు. గట్టి గ్రంథే కదా అని డ్రెయిన్ ద్రవాన్ని ఎమైలేస్ (పాంక్రియాస్ రసంలోని ఎంజైము) పరీక్షకి పంపకుండా డ్రెయిన్ తొందరగా తీసేశారు. కొన్నాళ్లకి రాత్రిపూట డ్రెసింగ్ మీద అరచేయంత ఎర్ర మరక. డ్యూటీలో ఉన్న పిల్లాడు గుడ్డ మార్చి వెళ్లిపోయాడు. తెల్లారేసరికి, లీకైన రసం కొరికేసి, ఆపరేషన్‌లో కోసి కట్టేసిన గాస్ట్రోడుయోడినల్ ధమని (పొట్ట దగ్గరి రక్తనాళం) మొదలు తెగి రక్తం ఆగలేదు. ఆయన దక్కలేదు. ఆ మరక ఏం చెబుతోందో ఎవరైనా ఒక్కరు అడిగి ఉంటే!

అందుకని నువ్వు కత్తి పడే చోటికి ఎడమవైపే కొలువు, ఊపిరి బిగబట్టించి, అయోర్టా (గుండె నుంచి వచ్చే పెద్ద ధమని) కొట్టుకునే చోటికి దూరంగా, ఒకటికి నాలుగుసార్లు. డక్ట్ కొలత కూడా రాసుకో. స్కాన్ అంకె మాత్రం ఈ థీసిస్ సాగినన్నాళ్లు సర్జన్‌కి చెప్పకు, ఆయన ఎంత పెద్దాయనైనా సరే, ఎంత అడిగినా సరే. వేలు వేరుగా, స్కాన్ వేరుగా చెప్పాలి, ఆ రెండింటినీ కోసిన అంచు బయాప్సీలో ఫైబ్రోసిస్‌తో (కణజాలం నారలా గట్టిపడటంతో) పోల్చుకో. ఫిస్టులా (కుట్టు దగ్గర రసం లీకవడం) అని రాసేటప్పుడు అంతర్జాతీయ సర్జన్ల బృందం (ISGPS) ఇచ్చిన 2016 నిర్వచనమే పట్టుకో: మూడో రోజు నుంచి డ్రెయిన్‌లో ఎమైలేస్ రక్తంలోని మామూలు గరిష్ఠానికి మూడు రెట్లు దాటినంత మాత్రాన సరిపోదు, అది బయోకెమికల్ లీక్ మాత్రమే, మనిషి చికిత్స మారితేనే బి, సి గ్రేడులు. లావుపాటి వాళ్లలో కొలత రాకపోతే వాళ్లని లెక్కలోంచి తీసెయ్యకు, రాలేదనే రాయి.

మధ్యాహ్నం తిండి మానేసి ఆ చీకటి గదిలో కూర్చుంటున్నావట, అది మాత్రం ఊరుకోను. మొదటి కొన్ని స్కాన్‌ల ఫొటోలు పేషెంట్ పేరు తీసేసి నాకు పంపు, బాక్సు ఎక్కడ పెట్టావో చూస్తా.

మీ మామ