పాత ఇంటి బేస్‌మెంట్‌లో బాత్రూమ్: పంపు కావాలా, అక్కర్లేదా?

నమస్తే అండీ. న్యూజెర్సీలో 1950ల నాటి ఇల్లు, బేస్‌మెంట్‌లో బాత్రూమ్‌కి కాంక్రీటు పగలగొట్టాలా, మురుగుని పైకి తోసే పంపు పెట్టాలా అని కదా అడిగారు. ముందు మెయిన్ డ్రెయిన్ చూడండి. ఆ లావుపాటి పోత ఇనుప పైపు నేలలోకి దిగిపోతే అదృష్టమే, పగలగొట్టి కలిపేయొచ్చు. రెండు మూడడుగుల ఎత్తులో గోడలోంచి బయటికి పోతుంటే మాత్రం ఆ మురుగు తోసే పంపు (ఎజెక్టర్ పంపు) తప్పదు.

నేలలోకి దిగినా లోతు కొలిపించండి. టాయిలెట్‌కి 3 అంగుళాల పైపు, అడుగుకి పావు అంగుళం వాలు. మెయిన్ 12 అడుగుల దూరంలో ఉంటే వాలుకే 3 అంగుళాలు పోతుంది. పీవీసీని పాత ఇనుముకు కలిపేచోట స్టీలు తొడుగున్న రబ్బరు కప్లింగే వాడమనండి. అసలు అంతకన్నా ముందు కెమెరాతో లైన్ చూపించుకోండి. లోపల తుప్పు తినేసి ఉంటే ఇదంతా దండగ ఖర్చు.

వెంట్ (డ్రెయిన్‌కి గాలి అందించే పైపు) అక్కర్లేదనే ప్లంబర్‌ని నమ్మొద్దు, అది లేకపోతే ట్రాప్‌లో, అంటే కంపు రాకుండా నీళ్లు నిలిచే పైపు వంపులో, నీళ్లు లాగేసి ఇల్లంతా కంపు కొడుతుంది. పర్మిట్ తీసుకోండి, ఇన్‌స్పెక్టర్ చూశాకే కాంక్రీటు పోయించండి. బ్యాక్‌వాటర్ వాల్వ్ (మురుగు వెనక్కి తన్నకుండా మూసుకునే వాల్వ్) బేస్‌మెంట్ లైన్‌కే పెట్టించండి. మెయిన్‌కి పెడితే, అది మూసుకున్నప్పుడు పై అంతస్తు నీళ్లే కింద పొంగుతాయి.