అన్నయ్య అలక తరువాత చూద్దాం

టెక్కలి దగ్గరి ఊరి నుంచి ఒక సోదరి రాశారు. భర్త హెడ్ కానిస్టేబుల్, స్టేషన్ రైటర్. వాంగ్మూలాలు, కేస్ డైరీలు, ఛార్జిషీట్లు టైపు చేయడం ఆయన పని. కొన్నాళ్లుగా పోక్సో కేసులన్నీ, అంటే పిల్లలపై లైంగిక నేరాల కేసులన్నీ ఆయన బల్ల మీదికే వస్తున్నాయి. అర్ధరాత్రి లేచి తలుపు గడియలు చూసుకుంటున్నారు. తొమ్మిదేళ్ల కూతుర్ని ట్యూషన్‌కు మాన్పించారు. దసరాకు వచ్చిన మేనమామ పిల్లను ఒళ్లో కూర్చోబెట్టుకుంటే అందరి ముందూ లాక్కున్నారు. “మా అన్నయ్య ఇక మీ గడప తొక్కనన్నాడు. మా ఆయన చేత క్షమాపణ చెప్పించమంటారా, చెప్పే దాకా నన్ను పుట్టింట్లో ఉండమంటారా? ఆయన్ని ఎవరూ కొట్టలేదు, కాల్చలేదు. కూర్చుని రాసేవాడికి ఏమవుతుందండీ?” అని అడిగారు.

రెండూ వద్దమ్మా. క్షమాపణ సంగతి పక్కన పెట్టండి. మీ చివరి ప్రశ్నకు మాత్రం జవాబు చెప్పాలి.

పిల్ల బెదరకూడదని, వాంగ్మూలం తీసుకునే అధికారి యూనిఫాంలో ఉండకూడదంది 2012 నాటి పోక్సో చట్టం. పిల్ల ఎలా చెబితే అలాగే రాయాలని కూడా అంది. మంచి నియమాలే. ఆ మాటలు రోజూ టైపు చేసే మనిషి ఏమవుతాడన్నది మాత్రం అందులో లేదు. మీ ఆయన రాస్తున్న మాటలు మీ పాప మాట్లాడే యాసలోనే ఉంటాయి. బడి సంచీ, కొట్టు దగ్గర చాక్లెట్, బండి మీద ఎక్కించుకున్న మామయ్య... అన్నీ మీ ఇంట్లో వినపడే మాటలే. ఇలాంటి కేసుల్లో నిందితుడు ఎక్కువగా పిల్లకు తెలిసినవాడే అవుతాడని ఆయనకు ఫైళ్లు నేర్పాయి. ఆ చదువంతా నెత్తిన పెట్టుకుని ఇంటికి వస్తే, ఎదురుగా మీ అన్నయ్య కనిపించాడు.

దీనికి వైద్యంలో లెక్క ఉంది. ఇతరుల ఘోరాలు వినీ వినీ పట్టుకునే ఒత్తిడి గురించి అమెరికా మనస్తత్వవేత్త చార్లెస్ ఫిగ్లీ 1995లోనే పుస్తకం తెచ్చారు. 2013లో అక్కడి మానసిక వైద్యుల సంఘం రోగ నిర్ణయ గ్రంథాన్ని సవరించినప్పుడు, పిల్లలపై జరిగిన అకృత్యాల వివరాలు పదే పదే వినాల్సివచ్చే పోలీసులను ఉదాహరణగానే చెప్పింది. నిద్ర పట్టకపోవడం, ప్రతి మనిషినీ అనుమానించడం, ఇంట్లోవాళ్ల మీద విసుక్కోవడం ఈ బాపతే. కాబట్టి మీ అత్తగారు మంత్రం వేయిస్తానంటే, “డాక్టరుకు చూపించాక చూద్దాం అత్తయ్యా” అనండి.

ఇక అసలు మాట. మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. అన్నయ్య ఏమన్నాడో వరుసగా ఉంది. వదిన ఏమందో ఉంది. మీ ఆయన ఏమన్నారో ఒక్క ముక్క లేదు. ఇంట్లో మనిషి నిద్రపోవడం లేదని గమనించి, ఆ సంగతి ముందు పుట్టింటికి మోశారు. తెగింది బావామరుదుల మధ్య కాదు, మీ ఇద్దరి మధ్య. పెనిమిటి కష్టాన్ని పుట్టింటి పంచాయితీలో పెట్టడం నాకు నచ్చదు. పాతకాలపు మనిషినని అనుకుంటే అనుకోండి.

ఆయన నోరు విప్పకపోవడం బింకం కాకపోవచ్చు. బాధితుల పేరూ ఊరూ బయటపెట్టకూడదు. మన జిల్లాలో పేరు చెప్పకపోయినా, వీధి చెబితే మనిషి తెలిసిపోతుంది. అందుకే “ఏం కేసు?” అని అడగకండి. “ఇవాళ రాసింది కష్టమైనదేనా?” అని అడగండి. అవునంటే చాలు. భోజనం పెట్టేటప్పుడు కాదు, పాప నిద్రపోయాక అడగండి. మొదటి రోజు విసుక్కుంటారు. ఊరుకుని, మరోరోజు అడగండి.

నెల దాటినా తగ్గని లక్షణాలివి, డాక్టరు చూడాల్సిందే. శ్రీకాకుళం ప్రభుత్వ ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. అక్కడ తెలిసినవాళ్లు కనబడతారని జంకితే, మానసిక బాధలు చెప్పుకోవడానికి ప్రభుత్వం పెట్టిన టెలి మానస్ నంబరు 14416కు ఫోను చేయమనండి. 2022 అక్టోబరులో మొదలైంది, డబ్బు కట్టనక్కర లేదు, తెలుగులోనే మాట్లాడవచ్చు. చెప్పుకున్నది గోప్యంగా ఉంచాలని 2017 మానసిక ఆరోగ్య చట్టం అంటోంది. చచ్చిపోతానన్న మాట ఎప్పుడైనా నోట వస్తే మాత్రం ఆయన ఒప్పుకునే దాకా ఆగకండి, వెంటనే మీరే ఆసుపత్రికి తీసుకువెళ్లండి. ఇలాంటి ఫైళ్లు కొన్నాళ్లు మరొకరికి అప్పగించమని ఎస్సైని ఆయనే అడగాలి. మీరు వెళ్లి అడిగితే ఆయనకు తలవంపు.

పాపను ట్యూషన్‌కు పంపండి, కొన్నాళ్లు తీసుకెళ్లి తీసుకొచ్చే పని ఆయనకే ఇవ్వండి. మామయ్య ఒళ్లో కూర్చోవడం తనకు ఇష్టమో కాదో ఆ పిల్లను మీలో ఒక్కరైనా అడిగారా? మీ అన్నయ్యను నేను అనుమానించడం లేదు. అయితే తొమ్మిదేళ్ల ఆడపిల్ల విషయంలో తండ్రి వద్దంటే, మంచి మేనమామ అలగడు.

సంక్రాంతికి మీ అన్నయ్య వస్తాడో రాడో ఇప్పుడే తేల్చనక్కర లేదు. ఫోను చేసి, “నేను పిలిచే దాకా ఆగు అన్నయ్యా” అని పెట్టేయండి. కారణం అడుగుతాడు, చెప్పకండి.